కాయిళ్ళ సర్వీసు రిజిస్టరు

రూల్సంటే నాకు మొదట్నుంచీ గౌరవమే. కరెంటు పని చేసేవాడికి రూలు మీద గౌరవం లేకపోతే తొందరలోనే వాడి ఫోటోకి దండ పడుతుంది. అందుచేత మా చలిమెట్టలో జరిగిన సంగతి చెప్పేటప్పుడు నేను ఎవరినో తప్పుపడుతున్నానని అనుకోవద్దు. అందరూ రూలు ప్రకారమే చేశారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

చలిమెట్ట కొండ మీది ఊరు. డిసెంబరులో నాలుగు డిగ్రీలకు దిగుతుంది. పొద్దున పది దాటితేగాని ఎదురింటివాడు ఉన్నాడో ఊరెళ్ళాడో తెలియదు, అంత మంచు. ఇక్కడ శీతల ప్రాంత నివాసాల సంస్థ అని మాకో ఆఫీసుంది, ఆ ఆఫీసుకి ఎనిమిది క్వార్టర్లున్నాయి. నేను ఆ సంస్థకి ఎలక్ట్రీషియన్ని. పేరు తవిటయ్య.

నాలుగో నెంబరు క్వార్టర్లో స్టాఫ్ నర్సు వేలాంగిణమ్మ ఉంటుంది. నవంబరులో ఆవిడకి ఆడపిల్ల పుట్టింది. ఎనిమిదో నెలలోనే తొందరపడి వచ్చేసింది పాపం, పుట్టినప్పుడు కిలోముప్పావు. ఆసుపత్రి డాక్టరు భ్రమరాంబగారు ఇంటికి పంపుతూ గట్టిగా చెప్పారు. ఇల్లు వెచ్చగా ఉండాలి, కుంపటి మాత్రం పెట్టకూడదు, ఆ పొగ పిల్ల ఊపిరితిత్తులు తట్టుకోలేవు అని. చెప్పి ఊరుకోకుండా మా సంస్థ వాళ్ళతో పోట్లాడి ఆ క్వార్టరుకి హీటరు గాలిపెట్టె ఒకటి మంజూరు చేయించారు. కాగితాల్లో దాని పేరు ఎయిర్ హ్యాండ్లర్. అటక మీద కూర్చుని, వెచ్చటి గాలిని గొట్టాల్లోంచి గదుల్లోకి తోస్తుంది.

దాన్ని నేను రెండు రోజుల్లో బిగించాను. లోపల మూడు హీటరు కాయిళ్ళుంటాయి, ఒక్కొక్కటి రెండు కిలోవాట్లు. మూడూ ఒక్కసారిగా అంటుకుంటే వీధి వీధంతా బల్బులు గుడ్డివైపోతాయి. అందుకని సీక్వెన్సరని ఒక చిన్న డబ్బా పెడతారు. ముందు ఫ్యాను తిరగాలి. తరవాత ఒకటో కాయిల్, అర నిమిషానికి రెండోది, ఇంకో అర నిమిషానికి మూడోది. వేడి మితిమీరితే లిమిట్ స్విచ్ అని ఇంకోటుంది, అది ఎవరినీ అడక్కుండా కరెంటు తెంచేస్తుంది. పని శుభ్రంగా చేశాను, ఎర్త్ చూసుకున్నాను, స్క్రూలు రెండోసారి బిగించాను, పని పూర్తయిన రిపోర్టు రాసి ఆఫీసులో ఇచ్చాను. దాని మీద ఒక్క సంతకం పడితే ఫ్యూజు పెట్టేసి స్విచ్చి వెయ్యొచ్చు.

ఆ సంతకం పెట్టాల్సిన పనుల విభాగం సూపరింటెండెంటుగారు జూన్‌లో రిటైరయ్యారు. ఆ కుర్చీ ఖాళీ. ఇన్‌చార్జి ఎవరయ్యా అంటే సిబ్బంది విభాగం సూపరింటెండెంటు జోగారావుగారు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయన చూసింది సిబ్బంది ఫైళ్ళే. సెలవులు, బదిలీలు, ప్రమోషన్లు, సస్పెన్షన్లు. మనిషి మంచివాడు, ఒకరి సొమ్ము ముట్టడు. కాకపోతే చేతికి పంచాంగమిచ్చినా తిథుల సీనియారిటీ చూస్తాడు.

"ఒకటో కాయిల్ ముందు పనిచేస్తుంది, తరవాత రెండోది, తరవాత మూడోది. ఇదేనా నువ్వు రాసింది?" అన్నారు జోగారావుగారు.

"ఔనండి."

"ఏ ప్రాతిపదిక మీద?"

"ప్రాతిపదికేటుందండి బాబూ. చేతికి ఏది ముందొస్తే దానికి వైరు బిగించీసినాను."

ఆయన కళ్ళజోడు తీసి టేబులు మీద పెట్టారు. "అంటే ముగ్గురు పనిచేసేచోట మొదటి స్థానం ఎవరికివ్వాలో నీ చేతివాటాన్ని బట్టి నిర్ణయించేశావన్నమాట. రేపు మూడో కాయిల్ కోర్టుకెక్కితే జవాబెవరు చెప్తారు?"

"కాయిల్ కోర్టుకెక్కదండి."

"అందరూ అలాగే అంటారు. మన అటెండరు గున్నయ్య గురించి కూడా అలాగే అనుకున్నాం. హైకోర్టు దాకా వెళ్ళాడు."

మూడూ ఒకే పెట్టెలోంచి వచ్చాయని, వాటి మధ్య వెంట్రుకవాసి తేడా లేదని చెప్పి చూశాను. అది నేను చేసిన పొరపాటు. "కవలల కేసా! మరీ చిక్కు" అని ఆయన ఇంకో రూళ్ళ పుస్తకం దింపారు. అరగంట వెతికి, మెమో డిక్టేట్ చేశారు. మూడు కాయిళ్ళూ వ్యక్తిగతంగా ప్రధాన కార్యాలయంలో హాజరై జాయినింగ్ రిపోర్టు సమర్పించవలెను. తాత్కాలిక సీనియారిటీ జాబితాను నోటీసు బోర్డుపై అతికించి ఏడు రోజులలోగా అభ్యంతరములు స్వీకరించవలెను. అంతవరకు ఫ్యూజు సదరు సూపరింటెండెంటు వారి బీరువాలో భద్రపరచవలెను.

నేను మళ్ళీ అటకెక్కి, బిగించినవన్నీ విప్పాను. వేలాంగిణమ్మ కింద నిలబడి చూసింది. పాపని గుండెకి ఆనించి చీరతో చుట్టుకుని, పైన రెండు దుప్పట్లు కప్పుకునుంది.

"నిన్ననే కదన్నా బిగించారు?"

"మెమో వొచ్చిందమ్మా."

"ఎవరికి?"

"కాయిళ్ళకి."

ఆవిడ దుప్పట్లు సర్దుకుని లోపలికెళ్ళింది. సర్కారు ఆసుపత్రిలో పదేళ్ళు చేసిన మనిషి, మెమో అంటే తెలుసు.

ఆఫీసులో మూడు కాయిళ్ళనీ మూడు కుర్చీల్లో కూర్చోబెట్టాం. జాయినింగ్ రిపోర్టు కింద సంతకం రానివారు వేలిముద్ర వెయ్యాలి కదా, స్టాంపు ప్యాడు మీద ఒక్కొక్కదాన్నీ అద్ది కాగితం మీద నొక్కాను. జిలేబీ చుట్టినట్టు పడింది. జోగారావుగారు మూడు ముద్రల్నీ భూతద్దంతో చూసి తేడా ఉందని తృప్తిపడ్డారు. తరవాత మూడు సర్వీసు రిజిస్టర్లు తెరిచారు.

"తండ్రి పేరు?"

నేను అట్టపెట్టె మీదున్న కంపెనీ పేరు చదివాను.

"గుర్తింపు కోసం పుట్టుమచ్చలు రెండు."

"నడుం దగ్గర రెండు తెల్ల పింగాణీ పూసలున్నాయండి."

"విద్యార్హత?"

"రెండువందల ముప్పై వోల్టులు."

"ముగ్గురూ కలిసి ఉంటున్నారా, విడివిడిగానా?"

"ప్యారలల్ అండి."

"అయితే విడివిడిగానే" అని రాసుకున్నారు. చివరగా సొంత చిరునామా అడిగారు. ఏం చెప్పాలో తోచక నాలుగో నెంబరు క్వార్టరు, అటక అన్నాను. అదీ ఎక్కించారు.

ఆ మర్నాటినుంచీ కాయిళ్ళ హాజరు మొదలైంది. పదిన్నర కల్లా అటెండరు వాటిని తుడిచి కుర్చీల్లో పెట్టాలి, ఐదింటికి తీసి బీరువాలో పెట్టాలి. ఒక్క నాలుగు రోజుల్లోనే ఆఫీసులో వాటికి మంచి పేరొచ్చింది. టీకి బయటికెళ్ళవు, ఫోన్లు చూడవు, పక్కవాడి ఫైలు గురించి మాట్లాడవు. "వాళ్ళని చూసి నేర్చుకోండయ్యా" అని జోగారావుగారు గుమాస్తాలని మందలించడం నేను చెవులారా విన్నాను. ఆ మాటతో గుమాస్తాలకి మండింది. మంట తీర్చుకోవడానికి నోటీసు బోర్డు ఉండనే ఉంది.

ఆరో రోజున ఒక అభ్యంతరం వచ్చింది. ఫ్యాను తరఫున యూనియన్ నాయకుడు అప్పలస్వామి రాశాడు. ప్రతిసారీ అందరికన్నా ముందు తిరిగేది ఫ్యానే అయినా దాని పేరు జాబితాలో లేకపోవడం కార్మిక వ్యతిరేక చర్య అనీ, న్యాయం జరక్కపోతే ఫ్యాను నిరవధికంగా ఆగిపోతుందనీ హెచ్చరించాడు. ఫ్యాను అప్పటికి కరెంటు లేక పదిరోజులనుంచీ ఆగే ఉంది. సమ్మె ముందుగానే విజయవంతమైనందుకు యూనియన్ వాళ్ళు గేటు దగ్గర స్వీట్లు పంచారు. నేనూ ఒక లడ్డూ తిన్నాను, అబద్ధమెందుకు.

ఫ్యానుని వేరే కేడరులో పెట్టి ఆ గొడవ సర్దేశారు. సీనియారిటీ కూడా సీరియల్ నెంబర్ల ప్రకారం తేలిపోయింది. ఇంక సంతకమే కదా అని నేను స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని తయారుగా నిలబడితే, జోగారావుగారు రిపోర్టు రెండో పేజీ తిప్పారు.

"ఈ లిమిట్ స్విచ్ ఎవరు?"

చెప్పాను. వేడి మీరితే కాయిళ్ళని ఆపేస్తుందని.

"అంటే సస్పెండ్ చేస్తుంది."

"అలాగే అనుకోండి."

"మెమో ఇవ్వకుండా? సంజాయిషీ అడక్కుండా? రెగ్యులర్ ఉద్యోగిని?" ఆయన నిజంగానే కుర్చీలోంచి లేచిపోయారు. "సంచాలకులవారికే లేని అధికారం ఆ స్విచ్చికి ఎవరిచ్చారు తవిటయ్యా? ముందు షోకాజ్ నోటీసివ్వాలి. ఏడు రోజుల గడువివ్వాలి. జవాబు సంతృప్తికరంగా లేకపోతే అప్పుడు కట్ చెయ్యాలి. ఆ విధంగా మార్చి వైరింగ్ చెయ్యి, సంతకం పెట్టేస్తాను."

"ఏడు రోజులు కాదండి, ఏడు నిమిషాల్లో గొట్టాలంటుకుపోతాయి."

"సహజ న్యాయసూత్రాల సంగతేమిటి మరి?"

అప్పటిదాకా ఆయన ఏం చెప్తే అది చేశాను. జిలేబీ ముద్రలు వెయ్యమంటే వేశాను. ఈ ఒక్క మాటకి మాత్రం నా ఒళ్ళు మండిపోయింది. "లిమిట్ స్విచ్చి నేకుండా నాను వైరు ముట్టనండి. ఇల్లు తగలడిపోద్ది. లోపల పసిగుడ్డుంది. కావాలంటే నన్ను సస్పెండ్ చేసుకోండి, నాకు మెమో కూడా అక్కర్లేదు" అన్నాను.

జోగారావుగారు కోప్పడలేదు. విచారంగా చూసి, "ఆవేశం వద్దు. పై ఆఫీసుకి రాసి స్పష్టత కోరదాం" అన్నారు. పై ఆఫీసునుంచి స్పష్టత అంటే మామిడికాయల కాలానికి వస్తుంది.

సాయంత్రం నాలుగో నెంబరుకెళ్ళాను. వేలాంగిణమ్మ మంచం మీద గోడకి చేరబడి కూర్చునే కునుకు తీస్తోంది. ఇరవైనాలుగు గంటలూ పాపని ఒంటికి ఆనించుకునే ఉండాలి, పడుకుంటే పిల్ల జారుతుంది. భర్త దానియేలు కొండ దిగువ డిపోలో బస్సు డ్రైవరు, వారానికోసారి వస్తాడు, వచ్చిన రోజు అతను చొక్కా విప్పి పాపని గుండె మీదేసుకుంటే ఈవిడ నడుం వాలుస్తుంది.

"బరువు పెరగట్లేదన్నా" అంది. "తాగిన పాలన్నీ వెచ్చగా ఉండడానికే సరిపోతున్నాయి. డాక్టరమ్మ ఇంకో వారం చూసి మళ్ళీ ఆసుపత్రిలో పెట్టేద్దామన్నారు."

నాకు సిగ్గేసింది. ఆ లడ్డూ గుర్తొచ్చి మరీ సిగ్గేసింది. జరిగిందంతా చెప్పేశాను, కుర్చీలు, ముద్రలు, సహజ న్యాయం, అన్నీ. ఆవిడ నవ్వుతుందనుకోలేదు. పిల్ల కదలకుండా, పొట్ట పట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నవ్వి నవ్వి, ఒక్కసారిగా ఆగింది.

"అన్నా, ఈ బాధంతా ఆ కాయిళ్ళు ఉద్యోగంలో ఉన్నంతకాలమే కదా? రిటైరైపోతేనో?"

"ఇరవయ్యేళ్ళ సర్వీసుండాలమ్మా. ఆటికి పన్నెండు రోజులే."

"ఒంట్లో బాగోకపోతే అక్కర్లేదు. మెడికల్ సర్టిఫికెట్టుంటే చాలు. మా ఆసుపత్రిలో ఎంతమందికి రాయించలేదు!"

మర్నాడు నేను జోగారావుగారితో ఒకే ఒక్క ముక్క అన్నాను. కాయిళ్ళ ఒళ్ళు చల్లగా ఉంది సార్, మనిషి మనిషిలా లేరు అని. ఆయన లేచి వెళ్ళి మూడింటినీ తాకి చూసి కంగారుపడిపోయారు. గంటలో లెటరు తయారైంది. ముగ్గురు ఉద్యోగుల్నీ వైద్య పరీక్షకి పంపుతున్నట్టు, తోడుగా ఎలక్ట్రీషియన్ వెళ్తున్నట్టు.

భ్రమరాంబగారు లెటరు రెండుసార్లు చదివి, తలుపు వేసి, నన్ను కూర్చోమన్నారు. వేలాంగిణమ్మ అప్పటికే ఫోన్ చేసుంది. "ఒకటో పేషెంటుని పడుకోబెట్టు" అన్నారు డాక్టరు, ముఖంలో ఒక్క గీత కదలకుండా. ఇటుకల మీద పెట్టి కరెంటిచ్చాను. నుదుటికి గురిపెట్టి చూసే తుపాకీ థర్మామీటరు తెచ్చి గురిపెడితే, అది అంకె చూపించడం మానేసి కుయ్యోమంది. రెండో పేషెంటూ అంతే, మూడో పేషెంటూ అంతే. స్టెతస్కోపు పెట్టబోయారు గాని అది రబ్బరని నేను ఆపాను.

సర్టిఫికెట్టు నా ఎదురుగానే రాశారు. "జ్వరము యంత్రమునకు అందలేదు. ఒళ్ళంతా ఎర్రబడినది. కరెంటు ఆపిన కొద్ది నిమిషములకే ఒళ్ళు చల్లబడి నాడి దొరకుట లేదు. ముగ్గురి పరిస్థితీ ఒక్కటే కావున కుటుంబ లక్షణముగా భావించుచున్నాను. ఆఫీసు ఉద్యోగమునకు శాశ్వతముగా అనర్హులు. సొంత ఇంటివద్ద, ఫ్యాను గాలిలో, పనిచేసుకొనుచు కాలక్షేపము చేయుట తప్పనిసరి."

అది చదివి జోగారావుగారు కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. "ఇంత జ్వరంతో రోజూ పదిన్నరకల్లా వచ్చేవాళ్ళు తవిటయ్యా. ఒక్క పూట సెలవడగలేదు." ఆ క్షణంలో ఆయన మీద నాకున్న కోపం సగం పోయింది. ఆయనకి అది నాటకం కాదు. నిజంగానే ముగ్గురు మంచి ఉద్యోగులు పోతున్నారని బాధ.

మా ఆఫీసులో రిటైరైనవాళ్ళని సాగనంపే పద్ధతొకటుంది. ఎంత చిన్న ఉద్యోగికైనా సభ పెట్టాలి, శాలువా కప్పాలి, ఆ తరవాత ఆఫీసు జీపులో, డప్పులతో, స్టాఫంతా వెంట నడిచి ఇంటిదాకా దిగబెట్టాలి. ఇల్లెక్కడో సర్వీసు రిజిస్టర్లో చూసుకోవాలి. చూశారు. నాలుగో నెంబరు క్వార్టరు, అటక.

"జ్ఞాపిక ఏమిస్తే బావుంటుందంటావు?" అని అడిగారు జోగారావుగారు.

"ఆళ్ళకి పానంలాంటి వొస్తువొకటి మీ బీరువాలో ఉందండి" అన్నాను. ఫ్యూజుని వెల్వెట్ పెట్టెలో పెట్టారు.

సభ బ్రహ్మాండంగా జరిగింది. జోగారావుగారు నలభై నిమిషాలు మాట్లాడారు. ఈ ముగ్గురూ ఏనాడూ పైవాళ్ళని ధిక్కరించలేదనీ, కిందివాళ్ళని నొప్పించలేదనీ, యూనియన్ రాజకీయాల్లో తలదూర్చలేదనీ చెప్పారు. అప్పలస్వామి లేచి, యూనియన్ మాట ఎత్తినందుకు నిరసన తెలిపి, కాయిళ్ళు మాత్రం బంగారమన్నాడు. శాలువాలు కప్పారు. రెండు మాటలు మాట్లాడమని మైకు ముందు పెట్టారు. కాయిళ్ళు మౌనంగా ఉండిపోతే, గొంతు పూడుకుపోయిందని అందరూ చప్పట్లు కొట్టారు.

తరవాత దండలతో కాయిళ్ళు ముందు సీట్లో, వెనక స్టాఫ్, ముందు డప్పులు. ఊరంతా మంచులోంచి బయటికొచ్చి చూసింది. క్వార్టరు గుమ్మంలో వేలాంగిణమ్మ ఒక చేత్తో పాపని పొదువుకుని, ఒక చేత్తో హారతిచ్చింది. నేను దండలు తీసి పక్కనపెట్టి, కాయిళ్ళతో అటకెక్కాను.

అన్నిటికన్నా ముందు లిమిట్ స్విచ్చి బిగించాను, రిటైరైనవాళ్ళకి షోకాజూ లేదు, ఆఫీసు సంతకమూ అక్కర్లేదు. ఫ్యాను బిగించాను. కాయిళ్ళ వైర్లు పట్టుకునేసరికి కిందనుంచి జోగారావుగారి గొంతు వినిపించింది.

"ఏ వరసలో ఇస్తున్నావు తవిటయ్యా?"

డప్పులు ఆగిపోయాయి. స్క్రూడ్రైవరు అలాగే పట్టుకుని అన్నాను. "రిటైరైపోయినాక సీనియారిటీ ఏటండి బాబూ?"

"అదీ నిజమేలే" అన్నారాయన. "గడప దాటాక అందరం ఒకటే."

చేతికి ఏది ముందొస్తే దానికి బిగించేశాను. దిగొచ్చి, వెల్వెట్ పెట్టెలోంచి ఫ్యూజు తీసి పెట్టి, స్విచ్చి వేశాను. ఫ్యాను తిరిగింది. టిక్‌మని ఒకటి. అర నిమిషం. టిక్‌మని రెండు. అర నిమిషం. టిక్. ఇరవైమంది ఆ చిన్న గదిలో కిక్కిరిసి గొట్టం మూతి వైపే చూస్తున్నారు. వెచ్చటి గాలి దిగింది.

ముందు ఎవరూ కదల్లేదు. పైవాడు తియ్యకుండా కిందివాడు మఫ్లర్ తియ్యకూడదు. జోగారావుగారు మంకీ టోపీ తీశారు. అప్పుడు సీనియర్ అసిస్టెంట్లు, ఆ తరవాత జూనియర్లు, చివరికి అటెండర్లు, వరసగా స్వెట్టర్లు ఊడాయి. అందరి ముఖాలూ విచ్చుకుని నవ్వుతున్నాయి. వేలాంగిణమ్మ దుప్పట్లు ఒకటొకటీ తీసి, చీరముడి వదులుచేసి, పాప కాళ్ళకున్న ఉన్ని మేజోళ్ళు లాగేసింది. అగ్గిపుల్ల తలకాయల్లాంటి వేళ్ళు పది. ఆ పిల్ల వాటిని విప్పింది, ముడిచింది, మళ్ళీ విప్పింది. నేను గోడవైపు తిరిగి టూల్ బ్యాగు సర్దుకున్నట్టు నటించాను.

జోగారావుగారు మాత్రం గొట్టం మూతి వైపు, పాప వైపు, తల్లి వైపు మార్చి మార్చి చూస్తున్నారు. ఆ చూపు నాకు తెలుసు.

"అయితే అమ్మా," అన్నారు నెమ్మదిగా, చొక్కా జేబులో పెన్ను కోసం తడుముకుంటూ, "ఈ వెచ్చదనం మంజూరైంది పాప పేరు మీద. క్వార్టరు మాత్రం మీ పేరు మీద ఉంది. అంటే ఇప్పుడు ఇక్కడ లబ్ధిదారులు ఇద్దరు. ఇందులో ముందెవరు, వెనకెవరు అనేది..."

స్టాఫంతా కొయ్యబారిపోయారు. పెన్ను బయటికొచ్చింది, మూత కూడా ఊడింది. వేలాంగిణమ్మ లేచింది, రెండంగల్లో ఆయన ముందుకొచ్చింది, "కాస్త పట్టుకోండి సార్, నా నడుం పడిపోయింది" అని పిల్లని ఆయన చేతుల్లో పెట్టేసింది.

పెన్ను కింద పడింది. కిలోముప్పావు పిల్లని రెండు చేతులూ దోసిలిపట్టి, మోచేతులు ఒంటికి నొక్కుకుని పట్టుకోవాలి, ఊపిరి కూడా మెల్లిగా పీల్చాలి. ఆయన అలాగే పట్టుకున్నారు. పాప ఆయన బొటనవేలు దొరకబుచ్చుకుని, ఆవలించి, నిద్రపోయింది.

"తవిటయ్యా," అన్నారు జోగారావుగారు పెదవులు కదపకుండా, "ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"ఏటీ చెయ్యకండి బాబూ" అన్నాను.

మంచం మీద వేలాంగిణమ్మ అప్పటికే కాళ్ళు బారజాపుకుని గురక పెడుతోంది. ఆవిడ లేచేదాకా రెండున్నర గంటలసేపు ఆయన ఏమీ చెయ్యలేదు.